యోంగబి తుపాకీ పలకని రోజు

మా కొండల మీద మనిషి పోతే ముందు తుపాకులు ఏడుస్తాయి, ఆ తర్వాతే మనుషులు. ఏడ్చిన తుపాకులకు ముఖం కడిగేవాడు మాత్రం మా పేటకంతటికీ ఒక్కడే, బోబే యోంగబి. పెళ్లయి పిల్లలున్న మగవాణ్ణి ఎవరినైనా మేం బోబే అనే పిలుస్తాం. యోంగబి విషయంలో మాత్రం ఆ మాటను కాస్త సాగదీసి, కాస్త నవ్వు కలిపి పిలిచేవాళ్లు. ఆయనకు ఒక పిచ్చి ఉండేది మరి.

ఆ పిచ్చి శుభ్రం పిచ్చి. ఇంటి శుభ్రమూ కాదు, ఒంటి శుభ్రమూ కాదు. ఆయన వాకిట్లో కోళ్లు తిరిగినచోటే చిక్కుడు గింజలు ఆరుతుండేవి, ఆయన అంగీకి బొత్తాలు ఏనాడూ సరిగ్గా ఉండేవి కావు. తుపాకీ గొట్టం లోపలి శుభ్రం ఒక్కటే ఆయనకు పట్టింది. తుపాకీమందు కాల్చిన గొట్టంలో మసి పేరుకుంటుంది. ఆ మసికి మా మంచు తోడైతే తెల్లారేసరికి ఇనుము లోపల ఎర్రగా తుప్పు లేస్తుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసినా, కల్లు కడుపులో పడ్డాక “రేపు కడుగుదాంలే” అని తుపాకీని గోడకు తగిలించి పడుకుంటారు. రేపు అన్న మాట వింటే యోంగబికి ఒళ్లు మండేది.

అందుకని చావింట్లో చివరి తుపాకీ పేలగానే ఆయన పొయ్యి దగ్గర చేరేవాడు. పెద్ద కుండలో నీళ్లు సలసల కాగుతుంటే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి తుపాకీ లాక్కునేవాడు. మందుకు నిప్పు అందే చిన్న రంధ్రాన్ని మేం తుపాకీ చెవి అంటాం. ఆ చెవికి పుల్ల బిగించి, తుపాకీ నోట్లోంచి మరిగే నీళ్లు పోసి, గొట్టాన్ని పైకీ కిందకీ ఊపి వంచితే కుళ్లిన గుడ్డు కంపుతో నల్లటి నీళ్లు బడబడా కారేవి. మళ్లీ పోసేవాడు. తాగడానికి పనికొచ్చేంత తేటగా వచ్చేదాకా వదిలేవాడు కాదు. ఆ వేడికి గొట్టం తనంతట తానే ఆరిపోయేది. ఆపైన పిండి సంచీలు చింపిన తెల్లగుడ్డను కడ్డీకి చుట్టి, పామ్ గింజల నూనెలో ముంచి, లోపలంతా తుడిచేవాడు. ఇంత చేసి ఆయన పుచ్చుకునేది ఒక ముంత కల్లూ, నోరారా తిట్టే హక్కూ.

“ఇది తుపాకీనా, పొయ్యి గొట్టమా? మీ ఆవిడ చూసిందంటే దీన్తో మంట ఊదుకుంటుంది!” అని ఒకణ్ణి తిట్టేవాడు. “నువ్వు స్నానం మానెయ్, నాకేం నష్టం లేదు. దీనికి మాత్రం మానకు,” అని ఇంకొకణ్ణి. ఎవరూ నొచ్చుకునేవారు కాదు. ఒక్క వాలాంగ్ తప్ప.

వాలాంగ్ ఆయన పెద్దమ్మ కొడుకు, అన్న. మాలో ఆస్తి మేనమామ నుంచి మేనల్లుడికి వస్తుంది. మేనమామ గామ్ పోయినప్పుడు ఇల్లూ, కోలా చెట్లూ పెద్దవాడైన వాలాంగ్‌కు వచ్చాయి. తుపాకీ మాత్రం యోంగబికి ఇమ్మని ముసలాయన పోతూ పోతూ చెప్పాడు. వాలాంగ్ దానికేమీ అనుకోలేదు. అతనిది పెద్ద గొంతు, పెద్ద చెయ్యి, పెద్ద మనసు. పని మీద నిలకడ ఒక్కటే తక్కువ.

ఒకసారి అత్తవారి వైపు ఎవరో పోతే వాలాంగ్ ఆ తుపాకీ అడిగి పట్టుకెళ్లాడు. కాల్చాడు, తాగాడు, తెచ్చి తమ్ముడి గోడకు తగిలించి వెళ్లిపోయాడు. కడగలేదు. యోంగబి అప్పుడు ఊళ్లో లేడు. తిరిగొచ్చి గొట్టంలో వేలు పెడితే వేలు ఎర్రగా వచ్చింది. మేనమామ గామ్ బతికి ఉన్నన్నాళ్లూ ఒక్క మచ్చ పడనివ్వని గొట్టం అది. యోంగబి ఆ సాయంత్రం తిన్నగా పేట పెద్ద బోబే చియాంబా ఇంటి కల్లు పాకకు పోయి, అందరూ వింటుండగా అన్నకు వడ్డించాడు.

“తన నోరే కడుక్కోనివాడికి తుపాకీ ఇచ్చాను చూడండి, నాకు బుద్ధి లేదు! దాని నోరేం కడుగుతాడు?”

వాలాంగ్ పళ్లు ఎప్పుడూ వక్కలాంటి కోలా కాయ నమిలి ఎర్రగా గారపట్టి ఉండేవి. పాకంతా గొల్లున నవ్వింది. వాలాంగ్ నవ్వలేదు. ముంత కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. దారిలో ఎదురుపడితే ఒకరు కొండ వైపు చూసేవారు, ఒకరు వాగు వైపు. ఏళ్లు గడిచిపోయాయి. మొదట అలగడం వాలాంగ్ పని అయింది, తర్వాత పలకరించకపోవడం యోంగబి పంతమైంది. ఇద్దరి భార్యలూ మాత్రం సంతలో ఒకే చెట్టు కింద కూర్చుని కామంచి ఆకు అమ్ముకుంటూ మగవాళ్ల మూర్ఖత్వానికి నవ్వుకునేవారు.

క్రిందటి వానలకు ముందు పొరుగు పేటలో ఒక చావుకు వెళ్లిన యోంగబిని నలుగురు మోసుకొచ్చారు. తుపాకీ కాల్చిన కాసేపటికే చలిజ్వరం వచ్చి పళ్లు టకటకా కొట్టుకుంటూ కూలబడ్డాడట. ఆ తర్వాత ఆయనకు ఏమీ తెలియదు. ఒళ్లెరుగని జ్వరం దిగి మంచం మీద లేచి కూర్చున్నప్పుడు మొదట అడిగింది గంజి కాదు.

“నా తుపాకీ! కడగలేదు కదే నా తుపాకీ!”

భార్య నాంగే గోడ మీది తుపాకీ తెచ్చి ఒళ్లో పెట్టింది. దాని నోట్లో వేలు పెట్టి చూసుకున్నాడు. నూనె తగిలింది. వాసన చూశాడు. కుళ్లు కంపు లేదు.

“ఎవరు కడిగారే దీన్ని?”

“ఈ ఇంట్లో తుపాకీ కడిగేది ఎవరయ్యా? నేనా, కోళ్లా?” అంది నాంగే, పొయ్యి వైపు తిరిగి.

అంతే, యోంగబికి అర్థమైపోయింది. అంత జ్వరంలోనూ తానే లేచి కడిగాడన్నమాట! కాళ్లు నిలవగానే కల్లు పాకకు వెళ్లి ఊరందరికీ చెప్పాడు. “ఒంటి మీద స్పృహ లేదు, చేతికి మాత్రం ఉంది. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. మీలాగా రేపు అనలేదు!” విన్నవాళ్లు తలలూపారు. మూల కూర్చున్న వాలాంగ్ మాత్రం ముంతలో ముఖం పెట్టి కల్లు ముక్కులోకి పోయేలా నవ్వాడు. ‘నన్నే ఎగతాళి చేస్తున్నాడు, చెయ్యనీ,’ అనుకుని యోంగబి మరో పక్కకు తిరిగి కూర్చున్నాడు.

ఆ వానలు తగ్గుముఖం పడుతుండగా వాలాంగ్ పోయాడు. పొద్దున తోటకు వెళ్లినవాడు గుండె పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు, మరి లేవలేదు. కబురు వచ్చేసరికి యోంగబి చిక్కుళ్లు ఒలుస్తున్నాడు. చేతిలోని కాయను పూర్తిగా ఒలిచి, గింజలు బుట్టలో వేసి, అప్పుడు ఏడ్చాడు. పలకరిద్దాం, పలకరిద్దాం అనుకుంటూనే అన్నను పోగొట్టుకున్నాడు. ఇన్నేళ్లూ తాను కూడా రేపు అనే అన్నాడని అప్పుడు తెలిసివచ్చింది. గోడ మీది తుపాకీని తీసి, మందుసంచి భుజాన వేసుకుని బయలుదేరాడు. ఎప్పుడూ కాల్చే ముందు గొట్టంలోకి ఊది, చెవిలోంచి గాలి వస్తోందో లేదో చూసుకునేవాడు. జ్వరం తర్వాత దాన్ని కాల్చబోవడం అదే మొదటిసారి, అయినా ఆ రోజు చూసుకోలేదు.

వాలాంగ్ వాకిలి అప్పటికే పొగతో నిండిపోయింది. మట్టి ఇచ్చేశారు. బంధువులు వరసగా వచ్చి సమాధి పక్కన నిలబడి గాలిలోకి కాలుస్తున్నారు. మా దగ్గర చావు తుపాకీలో గుండు ఉండదు. మందు, దాని మీద కూరిన అరటాకు, అంతే. యోంగబి వంతు వచ్చింది. కట్టుబాటు ప్రకారం దగ్గరి తమ్ముడి తుపాకీ అన్నిటికన్నా గట్టిగా పలకాలి. ఆయన మందు పోసి, ఆకు కూరి, చెవి మీద దెబ్బకు నిప్పు రాల్చే చిన్న రాగి టోపీ పెట్టి, తుపాకీ ఆకాశానికి ఎత్తి మీట నొక్కాడు.

టప్ అంది. అంతే.

కొత్త టోపీ పెట్టాడు. మళ్లీ టప్. చెవిని సూదితో పొడిచి, ఇంకాస్త మందు చల్లి, మరో టోపీ పెట్టాడు. టోపీ పేలింది, తుపాకీ పేలలేదు. వాకిట్లో ఏడుపులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

పోయినవాడి కోసం తుపాకీ నోరు విప్పలేదంటే దాన్ని పట్టుకున్నవాడి కడుపులో ఏదో ఉందని అర్థం. పోయినవాడి చావులో ఆ చేతికి భాగం ఉందని అర్థం. అలా అనిపించుకున్నవాడికి పేటలో ఎవరూ కల్లు పొయ్యరు, కోలా కాయ విరిచి ఇవ్వరు. వాడి ఇంటి నిప్పు అడగరు. కొన్నాళ్లకు వాడే తట్టాబుట్టా సర్దుకుని కొండ దిగి పోతాడు. యోంగబికి ఇది ఒకరు చెప్పాల్సిన పనిలేదు. చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఆయన తుపాకులు కడిగిపెట్టిన వాళ్లవే. ఒక్కరూ ఆయన కళ్లలోకి చూడటం లేదు.

ముందుగా నోరు తెరిచింది తోసామ్. వాలాంగ్ చెల్లెలి కొడుకు, ఇకపై ఆ ఇంటికి వారసుడు. ఉడుకు రక్తం.

“ఊళ్లో తుపాకులన్నీ కడిగే మామవు కదా! నీ తుపాకీకే ఏం వచ్చింది? ఇన్నేళ్లు మా మామతో మాట్లాడనిది నువ్వు. ఇప్పుడు నీ తుపాకీ కూడా మాట్లాడదా?”

“ఒరేయ్, నోరు జాగ్రత్త,” అన్నాడు యోంగబి.

బోబే చియాంబా కర్ర ఆనించుకుంటూ ముందుకు వచ్చాడు. “పలకని తుపాకీని మందుతో ఇంటికి తీసుకుపోకూడదు. పోయినవాడి వాకిట్లోనే, పోయినవాడి ఇంటి నీళ్లతో కడగాలి. లోపల్నుంచి ఏం వస్తే అదే సాక్ష్యం. ఇన్నాళ్లూ ఇలాంటి తుపాకులు నువ్వే కడిగావు యోంగబీ. ఇవాళ నీది నువ్వు ముట్టకూడదు. నేనే కడుగుతా, ఇలా తే.”

యోంగబి తుపాకీ ఇచ్చేశాడు. వాలాంగ్ భార్య కుకువా ఏడుపు మానకుండానే లోపలికెళ్లి నీళ్ల కుండ తెచ్చింది. చియాంబా పొయ్యి మీద మరిగే నీళ్ల కుండ వైపే చెయ్యి చాచాడు.

“వేడివి కాదు!” అని అరిచాడు యోంగబి. తన పరువూ బతుకూ తాడు మీద వేలాడుతున్నా ఆయనకు ఆ తప్పు చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. “లోపల మందు ఉంది బోబే! ముందు చన్నీళ్లు పొయ్యి. మందు చావనీ. మూతి కొండ వైపు తిప్పు, నీ వైపు కాదు! అయ్యో, పుల్ల బిగించు, చెవిలోంచి కారిపోతోంది!”

“నువ్వు నోరు ముయ్యవయ్యా, నేరం నీ మీద ఉంది!” అన్నాడు చియాంబా.

చన్నీళ్లతో నానిన మందు బురదలా జారింది. కొనకు మెలి తిరిగిన ముల్లు ఉన్న కడ్డీని దింపి తిప్పి లాగితే అరటాకు ముద్ద వచ్చింది. మళ్లీ దింపాడు. ఈసారి కడ్డీ దేన్నో పట్టుకుంది. చియాంబా కాలితో తుపాకీ అదిమి పట్టి లాగాడు. నూనెలో నానిన గుడ్డ పీలిక ఒకటి గొట్టంలోంచి సాగుతూ బయటికి వచ్చింది. నీళ్లలో జాడించాడు. ఆకుపచ్చ చారలు బయటపడ్డాయి.

యోంగబి దగ్గర తెల్లగుడ్డ తప్ప మరొకటి ఉండదని ఊరంతటికీ తెలుసు.

కుకువా ఆ పీలిక తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకుంది. “ఇది మా ఆయన చొక్కాదే,” అంది.

తోసామ్ ఎగిరి ముందుకు దూకాడు. “చూశారా! మా మామ ఒంటి మీది బట్ట చించి తుపాకీ అడుగున కూరి పెట్టాడు! ఇంకేం సాక్ష్యం కావాలి? ఆ బట్ట మీద చేతబడి చేసి చంపాడు మా మామని!”

ఇద్దరు ముగ్గురు తోసామ్‌ను పట్టుకున్నారు. పట్టుకున్నవాళ్ల చేతుల్లో కూడా బలం లేదు. ఆ గుడ్డ తన తుపాకీలోకి ఎలా వచ్చిందో యోంగబికీ తెలియదు. తెలియదని చెబితే నమ్మేవాడెవడు? తనే అయితే నమ్ముతాడా?

అప్పుడు ఆడవాళ్లలోంచి నాంగే లేచి వచ్చింది.

“ఆ గుడ్డ పెట్టింది మా బావగారే,” అంది.

“ఎవరు?” అన్నాడు చియాంబా.

“ఇంకెవరు, ఈ పడుకున్నాయనే. నాతో ఒట్టు వేయించుకున్నాడు, చెప్పొద్దని. పోయిన మనిషికి వేసిన ఒట్టు, తప్పుతున్నా. తప్పయితే నన్ను ఆయనే అడుగుతాడులే.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఈయన జ్వరంతో పడిపోయిన రోజు, మోసుకొచ్చినవాళ్లు ఇంకా గడప దాటలేదు, బావగారు దొడ్డిదారిన వచ్చాడు. ‘ఎలా ఉన్నాడు’ అన్నాడు. కాలిపోతున్నాడన్నా. కాసేపు గుమ్మంలో నిలబడి చూశాడు. తర్వాత, ‘తుపాకీ కడిగాడా’ అన్నాడు. ‘ఎక్కడ కడుగుతాడు బావగారూ, మనిషికే తెలివి లేదు’ అన్నా. ‘అయితే నీళ్లు పెట్టు. లేచి తుప్పు చూశాడంటే వాడు జ్వరంతో కాదు, దిగుల్తో పోతాడు’ అన్నాడు.”

యోంగబి భార్య వైపే చూస్తున్నాడు.

“తెల్లగుడ్డలు ఈయన పడుకున్న మంచం కింద ఉన్నాయి. తీస్తే లేస్తాడని తీయనివ్వలేదు. తన చొక్కా అంచే చింపుకున్నాడు. కడిగాడయ్యా, చెమటలు కక్కుతూ కడిగాడు. నల్లనీళ్లు తేటపడేదాకా పోశాడు. నూనె మాత్రం కూరలో పోసినట్టు పోశాడు. ‘ఇది ఆనాడు మా అత్తవారి చావు అయినప్పుడే చెయ్యాల్సిన పని, కాస్త ఆలస్యమైంది’ అని నవ్వాడు. గుడ్డ లోపలే జారిపోయిందని ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు.”

“మొగుణ్ణి కాపాడుకోడానికి ఎన్నయినా చెప్తావు అత్తా,” అన్నాడు తోసామ్. గొంతులో మునుపటి ఊపు లేదు.

కుకువా చారల గుడ్డను వేళ్ల మధ్య తిప్పుతూ, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు మాట్లాడింది. “ఆ రోజు చీకటి పడకముందే ఇంటికొచ్చాడు. చేతులు మోచేతుల దాకా నలుపు. కుళ్లిన గుడ్డు కంపు. చొక్కాకు అంచు లేదు. ఏమైందంటే మేక తినేసింది అన్నాడు.” గుడ్డను మడిచింది. “నేను ఆ మేకను పట్టుకుని కర్ర విరిగేదాకా బాదాను.”

ఎవరో ముక్కుతో నవ్వారు. ఇంకెవరో ఆపుకోలేకపోయారు. కుకువా ఏడుస్తూనే నవ్వింది. “పాపం నోరులేని జీవం! ఈయనేమో పక్కనే నిలబడి, ‘ఇంకో రెండు వెయ్యవే, చొక్కా బాగుండేది’ అంటాడు!” వాకిలంతా పగలబడింది. చావింట్లో అంత నవ్వు మా పేటలో అంతకుముందు ఎవరూ వినలేదు. తోసామ్ నేల మీద కూలబడి ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. కాసేపటికి లేచి వచ్చి యోంగబి ముందు తల వంచాడు.

“మామా, నేను నోరు జారాను.”

“నేనూ ఒకప్పుడు జారినవాణ్ణేరా,” అన్నాడు యోంగబి, వాడి తల మీద చెయ్యి వేసి.

బండరాయి దించినట్టు ఆయన ఒళ్లంతా తేలికైంది. అరుగు మీద కూర్చున్నాడు. చియాంబా కోలా కాయ విరిచి మొదటి ముక్క ఆయనకే ఇచ్చాడు. అది నోట్లో వేసుకున్నాక గానీ తాను మళ్లీ ఈ పేట మనిషినేనని ఆయనకు నమ్మకం కలగలేదు. నమలుతూ ఉండగా కల్లు పాకలో మూల కూర్చుని ముంతలో నవ్విన ముఖం గుర్తొచ్చింది. ‘చెయ్యి తన పని తాను చేసుకుపోయింది’ అని తాను ఛాతీ విరుచుకుని చెబుతుంటే, ఆ పని చేసిన చెయ్యి పక్కనే ఉండి ముంత పట్టుకుని నవ్వింది. ఒక్క మాట చెప్పి తన పరువు తీయొచ్చు. తీయలేదు. అప్పుడు యోంగబి ఇంకొకసారి ఏడ్చాడు, ఈసారి హాయిగా.

మరిగిన నీళ్లతో తుపాకీని తానే కడుక్కున్నాడు. గొట్టం ఆరింది. ఊదితే చెవిలోంచి గాలి ఈలలా వచ్చింది. మందు పోసి, ఆకు కూరి, సమాధి పక్కన నిలబడి నొక్కాడు. ఆ చప్పుడుకు కోళ్లన్నీ ఇళ్ల చూర్ల కిందికి పరిగెత్తాయి, లోయ అవతలి కొండ దాన్ని తిరిగి చెప్పింది. ఆడవాళ్లు వదిలిన చోటి నుంచి ఏడుపు మళ్లీ అందుకున్నారు.

పొద్దు వాలుతుండగా ఎప్పటిలాగే అందరి తుపాకులూ లాక్కుని కడిగాడు, ఎప్పటిలాగే తిట్టాడు. “అయితే బోబే, ఆ జ్వరంలో కడిగిన చెయ్యి నీది కాదన్నమాట!” అని ఎవరో పొడిచారు.

“కాదు,” అన్నాడు యోంగబి. “మా అన్నది. కడగడం బాగానే కడిగాడు. గుడ్డ తీయడమే మరిచాడు.”

తన తుపాకీని చివరికి ఉంచుకున్నాడు. నాంగే తెల్లగుడ్డ అందించబోతే వద్దని, ఉతికి కంచె మీద ఆరేసిన చారల పీలికను అడిగి తీసుకున్నాడు. దాన్ని కడ్డీకి చుట్టి, నూనె అద్ది, గొట్టం అడుగుదాకా నెమ్మదిగా దింపి తుడిచాడు. తర్వాత లేచి సమాధి దగ్గరికి నడిచి, పచ్చి మట్టి ముందు గొంతుక్కూర్చుని, కడ్డీని బయటికి లాగాడు. కొనకు గుడ్డ భద్రంగా ఉంది.

“చూడు అన్నయ్యా,” అన్నాడు దాన్ని పైకెత్తి పట్టుకుని. “ఇలా, బయటికి తీయాలి.”